‘జమ’ అంటే క్రెడిట్ అయితే, గల్లాలోకి వచ్చిన నగదును డెబిట్ అని ఎందుకు రాస్తున్నాం?

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో బీకాం పూర్తి చేసి, మూడు నెలల క్రితం ఎనుమాముల మార్కెట్ యార్డు దగ్గర, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసే పనిలో చేరాను. పరీక్షల్లో డెబిట్, క్రెడిట్ సూత్రాలు తప్పు లేకుండా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను గానీ, పుస్తకం ముందు కూర్చుంటే చెయ్యి ఆగిపోతోంది.

మొన్న సాయంత్రం యార్డులో సరుకు కొనే ఒక ఖరీదుదారు పాత బాకీ కింద ఇరవై వేల రూపాయలు నగదు తెచ్చి ఇచ్చారు. మా సేటు గారు లోపలి నుంచే ‘ఇరవై వేలు జమ రాయి’ అన్నారు. జమ అంటే క్రెడిట్ అని చదువుకున్నాను కాబట్టి నగదు ఖాతాలో క్రెడిట్ వైపున ఇరవై వేలు, ఖరీదుదారు ఖాతాలో డెబిట్ వైపున ఇరవై వేలు రాశాను. ఉదయం గల్లాలో 35,000 ఉన్నాయి. రాత్రి గల్లా లెక్కపెడితే 55,000 ఉంటే, నా పుస్తకం 15,000 మాత్రమే చూపించింది. నలభై వేల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. సేటు గారు ఏమీ అనలేదు గానీ, నాకే సిగ్గుగా ఉంది.

జమ అంటే క్రెడిట్ అన్న మాట నిజమే అయితే, దుకాణంలోకి పైసలు వచ్చినప్పుడు నగదును డెబిట్ ఎందుకు చేయాలో ఎవరైనా మొదటి నుంచి చెప్పగలరా?

కామర్స్ విద్యార్థిని, సుబేదారి

సూత్రాలు మూడే కదండీ. వ్యక్తిగత ఖాతాలలో పుచ్చుకొనేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతాలలో వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. నామమాత్రపు ఖాతాలలో ఖర్చులు, నష్టాలు డెబిట్, ఆదాయాలు, లాభాలు క్రెడిట్. నగదు వాస్తవిక ఖాతా, అది లోపలికి వచ్చింది కాబట్టి డెబిట్. ఖరీదుదారు ఇచ్చినవారు కాబట్టి ఆయన ఖాతాకు క్రెడిట్.

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

ధన్యవాదాలు అక్కా. ఈ మూడు నాకు నోటికి వచ్చినవే. నా ఇబ్బంది అంతా సూత్రం చెప్పే మాట, సేటు గారు చెప్పే మాట ఒకదానికొకటి ఎదురుగా వినిపించడంలోనే ఉంది.

యార్డు పద్దులు

తమ్ముడూ, ముందు మీ నలభై వేల సంగతి చూద్దాం. మీరు రాసిన మొత్తం ఇరవై వేలు, వచ్చిన తేడా దానికి సరిగ్గా రెట్టింపు. పుస్తకంలో తేడా ఏదైనా మొత్తానికి రెట్టింపుగా కనిపించిందంటే, ఆ మొత్తం పడవలసిన వైపున కాక రెండో వైపున పడిందేమోనని మొదట అనుమానించాలి. కలపవలసిన ఇరవైని తీసివేశారు, అందుకే నలభై తేడా. ఇకపై ఎప్పుడు తేడా వచ్చినా దానిని సగం చేసి, ఆ సగం మొత్తం ఆ రోజు పద్దుల్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. పది నిమిషాల్లో దొరుకుతుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా యార్డులో పద్దులు రాస్తున్నాను, మొదటి ఏడాది నేను కూడా ఇక్కడే తడబడ్డాను. మీ సేటు ‘జమ రాయి’ అన్నప్పుడు ఆయన గల్లా గురించి మాట్లాడలేదు. మన దుకాణాల్లో ఆ మాట ఎప్పుడూ సగమే పలుకుతారు. పూర్తిగా పలికితే ‘ఖరీదుదారు పేరిట ఇరవై వేలు జమ రాయి’ అవుతుంది. జమ ఎప్పుడూ ఒకరి పేరిట పడుతుంది. పైసలు ఇచ్చినవారి పేరిట జమ, పైసలో సరుకో తీసుకున్నవారి పేరిట ఖర్చు. మీ వాడలో కిరాణా దుకాణంలో ఉద్దెర పుస్తకం చూసే ఉంటారు. సామాను ఉద్దెరకు తీసుకుపోయిన రోజున ఆ ఇంటి పేరిట ఖర్చు రాస్తారు, నెల మొదట్లో పైసలు కట్టిన రోజున అదే పేరిట జమ రాస్తారు. ఆ పుస్తకంలో గల్లాకు ఒక పేజీ ఉండదు, ఎందుకంటే గల్లా కళ్ల ముందే ఉంటుంది. అందుకే ఆ దుకాణదారు నోట ‘నగదు ఖాతా’ అన్న మాట రాదు.

ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానంలో చేసినదల్లా ఏమిటంటే, గల్లాకు కూడా ఒక మనిషికి తెరిచినట్లే ఒక పేజీ తెరవడం. ఖరీదుదారు ఇచ్చారు, గల్లా పుచ్చుకుంది. ఇచ్చిన ఖరీదుదారు పేరిట జమ, అంటే క్రెడిట్. పుచ్చుకున్న గల్లా పేరిట ఖర్చు, అంటే డెబిట్. సేటు చెప్పిన మాటా సరైనదే, మీరు చదివిన సూత్రమూ సరైనదే. మీరు జమను పైసలు ఇచ్చిన ఖరీదుదారు పేరిట కాక, పుచ్చుకున్న గల్లా పేరిట రాశారు, అంతే.

కాజీపేట విశ్రాంత లెక్చరర్

యార్డు పద్దులు గారు చెప్పినదానికి ఒక చిన్న ఆధారం జోడిస్తాను. ఈ డెబిట్, క్రెడిట్ అన్న మాటలు కూడా మొదట మనుషుల ఖాతాల నుంచి పుట్టినవే. డెబిట్ అన్నది ‘బాకీ ఉండు’ అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి, క్రెడిట్ అన్నది ‘నమ్ము’ అనే అర్థం గల ధాతువు నుంచి వచ్చాయి. ఇటలీ వర్తకులు పాత ఆవర్జాలలో, అంటే లెడ్జర్లలో, ఒక మనిషి పేరు రాసి, ఒకవైపున ‘ఇవ్వవలసి ఉంది’ అని, రెండోవైపున ‘పొందవలసి ఉంది’ అని రాసుకునేవారు. మన ఉద్దెర పుస్తకంలో పని జరిగే తీరు కూడా సరిగ్గా ఇదే. తరువాత వారు నగదుకు, సరుకుకు, లాభనష్టాలకు కూడా అదే పద్ధతిలో పేజీలు తెరిచారు. లూకా పాచోలి అనే సన్యాసి, గణిత పండితుడు 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో ఈ వెనిస్ వర్తకుల పద్ధతిని ఒక భాగంగా వివరించాడు. ఆయన దానిని కనిపెట్టలేదు, అప్పటికే వాడుకలో ఉన్నదానిని క్రమంగా రాసిపెట్టాడు. ఆయనకంటే ముందే, 1458లో బెనెడెట్టో కొట్రుల్యి అనే వర్తకుడు దీని గురించి రాసినా, ఆ రచన 1573 దాకా అచ్చు కాలేదు.

నేను తరగతిలో చెప్పినన్నాళ్లూ గమనించిన విషయం ఒకటుంది. పిల్లలు క్రెడిట్ అంటే మంచిదని, డెబిట్ అంటే చెడ్డదని మనసులో పెట్టుకుని వస్తారు. అందుకు కారణం ఫోన్‌కు వచ్చే బ్యాంకు సందేశం. జీతం పడితే ‘క్రెడిట్ అయింది’ అని, ఏటీఎంలో తీస్తే ‘డెబిట్ అయింది’ అని వస్తుంది. ఆ సందేశం మన పుస్తకం నుంచి వచ్చింది కాదు, బ్యాంకు పుస్తకం నుంచి వచ్చింది. మనం పదివేలు కడితే బ్యాంకు మనకు పదివేలు బాకీ పడుతుంది, ఇచ్చినవారం మనమే కాబట్టి వారి పుస్తకంలో మన పేరిట జమ. మన పుస్తకంలో మాత్రం పుచ్చుకున్నది బ్యాంకు, కాబట్టి బ్యాంకు ఖాతాకు డెబిట్. ఒకే లావాదేవీ, రెండు పుస్తకాలు. ఎవరి పుస్తకం చేతిలో ఉందో తేల్చుకోకుండా వైపు నిర్ణయించకూడదు.

కొత్తవాడ దర్రీలు

నేను చదువుకున్న అకౌంటెంటును కాను, నాలుగు మగ్గాలు పెట్టుకుని దర్రీలు నేయించి అమ్ముతాను. మా కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఇతర రాష్ట్రాల నుంచి కూడా ఆర్డర్లు వస్తుండడంతో లెక్కలు సక్రమంగా రాయించుకుంటున్నాను. నా సందేహం వేరు. నేను పెట్టిన సొంత పెట్టుబడిని మా అకౌంటెంటు క్రెడిట్ వైపున రాస్తారు, ఇంటి ఖర్చుకు తీసుకున్నదానిని డెబిట్ వైపున రాస్తారు. నా పైసలు నాకే అప్పుగా ఎలా కనిపిస్తాయి? నూలు కొన్నా డెబిట్ అంటారు, కొత్త మగ్గం కొన్నా డెబిట్ అంటారు, కరెంటు బిల్లు కట్టినా డెబిట్ అంటారు. ఇవన్నీ ఒకే వైపున ఎలా ఉంటాయి?

కాజీపేట విశ్రాంత లెక్చరర్

చాలా మంచి ప్రశ్న అడిగారు. లెక్కలు రాసేటప్పుడు మిమ్మల్ని, మీ దుకాణాన్ని ఇద్దరు వేరు వేరు మనుషులుగా అనుకోవాలి. దుకాణం దృష్టిలో మీరు పైసలు తెచ్చి ఇచ్చిన బయటి మనిషి. ఇచ్చినవారి పేరిట జమ అన్న సూత్రం మీకూ వర్తిస్తుంది, అందుకే మూలధనం ఖాతాకు క్రెడిట్. ఆ నిల్వ ఎంత ఉంటే దుకాణం మీకు అంత చెల్లించవలసి ఉందని అర్థం. అమ్మాయి కాలేజీ ఫీజుకు మీరు గల్లాలో నుంచి ఐదు వేలు తీసుకుంటే అది దుకాణానికి ఖర్చు కాదు, మీరు వెనక్కి తీసుకున్నది. దానిని సొంతవాడకాల ఖాతాకు డెబిట్ చేస్తారు, ఏడాది చివరన అది మీ మూలధనంలో నుంచి తగ్గుతుంది. దానిని వ్యాపార ఖర్చులలో కలిపేస్తే మీ దర్రీ ఎంత గిట్టుబాటు ఇచ్చిందో మీకే తెలియకుండా పోతుంది.

రెండో సందేహానికి, ప్రతి పద్దు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ విలువ ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడికి చేరింది? చేరిన చోటు డెబిట్, వచ్చిన చోటు క్రెడిట్. నూలులోకి చేరింది, మగ్గంలోకి చేరింది, కరెంటులోకి చేరింది, అందుకే మూడూ డెబిట్. వాటి మధ్య తేడా చేరిన తరువాత తెలుస్తుంది. మగ్గం మరికొన్నేళ్లు పని చేస్తుంది కాబట్టి అది ఆస్తిగా నిలిచి, ఏటేటా కొంత తరుగుదలగా లాభనష్టాల ఖాతాకు పోతుంది. కరెంటు ఆ నెలలోనే ఖర్చయిపోయింది కాబట్టి నేరుగా లాభనష్టాల ఖాతాకు పోతుంది. నూలులో నేసినంత ఖర్చయింది, మిగిలినది మార్చి 31న ముగింపు సరుకుగా ఆస్తిలో కనిపిస్తుంది. ఆస్తికీ ఖర్చుకూ మధ్య ఉన్నది కాలమే. మీ అకౌంటెంటు మూడింటినీ ఒకే వైపున రాయడం వెనుక ఉన్న కారణం ఇదే.

అవతలి వైపున కూడా అంతే. మీరు పెట్టిన పెట్టుబడి నుంచి, బ్యాంకు ఇచ్చిన అప్పు నుంచి, దర్రీలు అమ్మిన ఆదాయం నుంచి విలువ వస్తుంది. అందుకే మూలధనం, అప్పులు, ఆదాయాలు క్రెడిట్ వైపున పెరుగుతాయి.

కామర్స్ విద్యార్థిని, సుబేదారి

సార్, నాది కూడా ఒక సందేహం. మా తాతయ్య దగ్గర ఎర్ర బట్ట అట్ట వేసిన పొడుగాటి పాత లెక్కల పుస్తకాలు, అంటే బహీలు ఉన్నాయి. వాటిలో జమ ఎడమ వైపున ఉంది. మాకు కాలేజీలో డెబిట్ ఎడమ వైపున, క్రెడిట్ కుడి వైపున అని చెప్పారు. మరి తాతయ్య తప్పు రాసినట్లా?

కాజీపేట విశ్రాంత లెక్చరర్

తప్పు కాదమ్మా. బహీఖాతా పద్ధతిలో ఎడమ వైపు జమ, కుడి వైపు నామె, అంటే ఖర్చు. అది మన దేశంలో వర్తకులు తరతరాలుగా పాటించిన ఏర్పాటు. మనుషుల ఖాతాల విషయంలో అది పడమటి పద్ధతికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. నగదు బహీలో మాత్రం ఆసక్తికరమైన సంగతి జరుగుతుంది. అక్కడ ఎడమ పేజీలో వచ్చిన పైసలే ఉంటాయి, మీ కాలేజీ నగదు చిట్టాలోనూ ఎడమ వైపున వచ్చిన పైసలే ఉంటాయి. పేజీ ఒకటే, పేర్లు వేరు. బహీలో ఆ పేజీకి ఇచ్చినవారి వైపు నుంచి ‘జమ’ అని పేరు పెట్టారు, నగదు చిట్టాలో పుచ్చుకున్న గల్లా వైపు నుంచి ‘డెబిట్’ అని పేరు పెట్టారు. ఈ చర్చ మొదలుపెట్టిన అబ్బాయి తడబాటుకు మూలం కూడా ఇదేనని నా అభిప్రాయం. మన పాఠ్యపుస్తకాలు డెబిట్‌కు ఖర్చు, క్రెడిట్‌కు జమ అని ఎదురెదురుగా అర్థం ఇచ్చి వదిలేస్తాయే తప్ప, ఎవరి పేరిట అన్న ముక్కను చెప్పవు. ఆ ఒక్క ముక్క చెబితే ఈ చిక్కే రాదు.

ఎడమ, కుడి అన్నవి ఏర్పాట్లు మాత్రమే. ఎడమ వైపున ఏముండాలో ముందు ఒప్పుకుని, ప్రతి పద్దులోనూ దానినే పాటించడం ముఖ్యం.

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

ఎవరి పేరిట అన్న ప్రశ్నతో నా చిక్కు చాలావరకు విడిపోయింది. ఒక రైతు లెక్క నేనే రాసి చూశాను, దిద్దగలరా? అంకెలు సులువుగా ఉండేందుకు నేను వేసుకున్నవే. పరకాల దగ్గరి రైతు ఒకరు వానాకాలంలో మా దుకాణంలో 40,000 అడ్వాన్సు తీసుకున్నారు. తరువాత పది క్వింటాళ్ల మిర్చి తెచ్చారు. క్వింటాలుకు 15,000 చొప్పున ఖరీదుదారు కొన్నారు, మొత్తం 1,50,000. మా కమీషన్ 3,000, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారు), చాట కూలీ కలిపి 700. పాత అడ్వాన్సు పట్టుకోగా 1,06,300 రైతు బ్యాంకు ఖాతాకు పంపాము.

నేను ఇలా రాశాను. ఖరీదుదారు ఖాతా డెబిట్ 1,50,000, అమ్మకాల ఖాతా క్రెడిట్ 1,50,000. కొనుగోళ్ల ఖాతా డెబిట్ 1,46,300, రైతు ఖాతా క్రెడిట్ 1,46,300.

యార్డు పద్దులు

అంకెలు కుదిరాయి గానీ, కథ తప్పింది. మిర్చి మీ దుకాణం కొన్నదా? కొనలేదు. రైతు మిర్చిని రైతు తరఫున అమ్మిపెట్టింది. మీ దుకాణం మధ్యవర్తి. మీరు అమ్మకాల ఖాతా తెరిచి లక్షన్నర క్రెడిట్ చేస్తే, మూడు వేలు సంపాదించిన దుకాణం లక్షన్నర వ్యాపారం చేసినట్లు కనిపిస్తుంది. పైగా హమాలీల 700 కూడా మీ లాభంలో కలిసిపోయింది చూడండి. అమ్మకాలు 1,50,000, కొనుగోళ్లు 1,46,300, తేడా 3,700. అందులో 700 మీవి కావు, రేపు ఉదయం వాళ్లకు ఇవ్వవలసినవి.

ఇది పన్ను దగ్గర కూడా ముఖ్యమైన విషయమే. రైతు తరఫున మాత్రమే అమ్మిపెట్టే కచ్చా అడ్తిదారుకు టర్నోవర్ అంటే కమీషన్ మాత్రమేనని, సరుకును తన పేరిట కొని అమ్మే పక్కా అడ్తిదారుకు అమ్మకం మొత్తం టర్నోవర్ అవుతుందని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1986 మార్చిలో 452వ నంబరు సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. పద్దు రాసే వైఖరి తప్పితే ఆడిట్ అవసరం లేని చిన్న దుకాణం కూడా ఆడిట్ హద్దులోకి పోయినట్లు కనబడుతుంది.

తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ, పక్కన పెట్టుకుని, దానిలోని వరుసను బట్టి రాయండి. తక్‌పట్టీలో ఉన్న ప్రతి అంకెకూ పుస్తకంలో ఒక చోటు ఉంటుంది.

అడ్వాన్సు ఇచ్చిన రోజున: రైతు ఖాతా డెబిట్ 40,000, నగదు ఖాతా క్రెడిట్ 40,000. పుచ్చుకున్నది రైతు, పోయింది గల్లా నుంచి.

మిర్చి అమ్ముడుపోయిన రోజున: ఖరీదుదారు ఖాతా డెబిట్ 1,50,000, రైతు ఖాతా క్రెడిట్ 1,50,000. సరుకు తీసుకున్నది ఖరీదుదారు, ఇచ్చింది రైతు. దుకాణం ఇద్దరి మధ్యన నిలబడింది.

అదే రోజున కోతలకు: రైతు ఖాతా డెబిట్ 3,700, కమీషన్ ఖాతా క్రెడిట్ 3,000, హమాలీ దడ్వాయి చెల్లింపుల ఖాతా క్రెడిట్ 700. ఒక డెబిట్‌కు రెండు క్రెడిట్‌లు ఉండవచ్చు, మొత్తాలు సమానమైతే చాలు.

పైసలు పంపినప్పుడు: రైతు ఖాతా డెబిట్ 1,06,300, బ్యాంకు ఖాతా క్రెడిట్ 1,06,300.

ఇప్పుడు రైతు పేజీ తెరవండి. డెబిట్ వైపున 40,000, 3,700, 1,06,300, మొత్తం 1,50,000. క్రెడిట్ వైపున 1,50,000. నిల్వ సున్న. రైతు వచ్చి తన లెక్క అడిగితే ఈ ఒక్క పేజీ తిప్పి చూపించవచ్చు, ఆయన చేతిలోని తక్‌పట్టీతో ప్రతి అంకె సరిపోతుంది. చదువు రాని రైతు ఎదురుగా కూర్చుని తన మిర్చి పైసల లెక్క వినేటప్పుడు మన పుస్తకం ఇంత తేటగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. కోతలు దేనికి ఎంతో విడివిడిగా కనపడకుండా, చేతికి వచ్చేది మాత్రమే రాసిన పుస్తకాలు నేను చూశాను. అక్కడ రైతుకు ప్రశ్నించే వీలే ఉండదు.

సంఘం లెక్కలు, హుజూరాబాద్

నేను మహిళా సంఘాల పుస్తకాలు రాస్తాను. యార్డు పద్దులు గారు ఒక డెబిట్‌కు రెండు క్రెడిట్‌లు చూపించారు, మా దగ్గర ప్రతి నెల సమావేశంలో ఒక డెబిట్‌కు మూడు క్రెడిట్‌లు వస్తాయి. ఒక సభ్యురాలు 1,190 రూపాయలు కడుతుంది. అందులో 100 పొదుపు, 1,000 అప్పు వాయిదా, 90 మిత్తి (వడ్డీ). నగదు ఖాతాకు డెబిట్ 1,190. కుడి వైపున మూడూ జమలే, కానీ మూడు వేరు వేరు సంగతులు. పొదుపు వంద రూపాయలు సంఘం ఆమెకు తిరిగి ఇవ్వవలసిన బాకీ. వెయ్యి రూపాయలు ఆమె సంఘానికి ఉన్న బాకీలో తగ్గింపు. తొంభై రూపాయలు మాత్రమే సంఘం ఆదాయం.

కొత్తగా రాసేవారు 1,190 మొత్తాన్ని ‘సభ్యురాలి పేరిట జమ’ అని ఒకే వరుసలో రాసేస్తారు. నగదు సరిపోతుంది కాబట్టి తప్పు జరిగిందని ఆరు నెలల దాకా తెలియదు. తరువాత ఆ అక్క వచ్చి నా పొదుపు ఎంత అయింది, నా అప్పు ఎంత మిగిలింది అని అడిగితే చెప్పడానికి పుస్తకంలో జవాబు ఉండదు. అందుకని ఎవరి పేరిట అని అడిగిన వెంటనే, దేని కింద అని కూడా అడగాలని మా కొత్తవాళ్లకు చెబుతుంటాను.

కొత్తవాడ దర్రీలు

మా అకౌంటెంటు జీఎస్టీ గురించి ‘ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్’ అంటారు, కానీ దానిని పుస్తకంలో డెబిట్ నిల్వగా చూపిస్తారు. ఇది కూడా ఇలాంటిదేనా?

కామర్స్ విద్యార్థిని, సుబేదారి

దీనికి నేను చెప్పగలను. నూలు కొన్నప్పుడు మీరు కట్టిన పన్నును, దర్రీలు అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు. అంటే ఆ మేరకు ప్రభుత్వం దగ్గర మీకు రావలసినది ఉంది. రావలసినది ఆస్తి కాబట్టి మీ పుస్తకంలో డెబిట్. చట్టం దానికి క్రెడిట్ అని పేరు పెట్టింది ప్రభుత్వం వైపు నుంచి చూసి, మీ పేరిట జమ ఉందన్న అర్థంలో. క్రెడిట్ నోటు కూడా ఇలాంటిదే. దర్రీలు వాపసు వస్తే మీరు కొన్నవారికి క్రెడిట్ నోటు ఇస్తారు, అంటే మీ పుస్తకంలో వారి పేరిట జమ రాశారని వారికి తెలియజేస్తున్నారు.

యార్డు పద్దులు

చక్కగా చెప్పావమ్మా.

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

యార్డు పద్దులు గారు చెప్పినట్లే మళ్లీ రాసి, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కూడా వేశాను. సేటు గారు మొదట 2,00,000 పెట్టుబడి పెట్టారనీ, అందులో 50,000 గల్లాలో, 1,50,000 బ్యాంకులో ఉన్నాయనీ అనుకున్నాను. చివరకు డెబిట్ వైపున నగదు 10,000, బ్యాంకు 43,700, ఖరీదుదారు 1,50,000, మొత్తం 2,03,700 వచ్చింది. క్రెడిట్ వైపున మూలధనం 2,00,000, కమీషన్ 3,000, హమాలీ దడ్వాయి 700, వీటితో పాటు రైతు ఖాతాలో 2,700 క్రెడిట్ నిల్వ కనిపించి మొత్తం 2,06,400 వచ్చింది. తేడాను సగం చేస్తే 1,350. ఆ అంకె ఎక్కడా లేదు.

యార్డు పద్దులు

2,700ను తొమ్మిదితో భాగించి చూడండి. శేషం లేకుండా 300 వస్తుంది. తేడా తొమ్మిదితో పూర్తిగా భాగింపబడితే, పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారు అయ్యాయేమోనని చూడాలి. రైతు పేజీలో పంపిన పైసల పద్దు ఒకసారి చూడండి.

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

దొరికింది. బ్యాంకు పేజీలో 1,06,300 సరిగ్గానే ఉంది. రైతు పేజీలోకి ఎక్కించేటప్పుడు 1,03,600 అని రాశాను. ఆరు, మూడు తారుమారు అయ్యాయి. దిద్దిన తరువాత రెండు వైపులా 2,03,700 వచ్చింది.

కాజీపేట విశ్రాంత లెక్చరర్

సంతోషం. కారణం కూడా తెలుసుకోండి. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైతే, వాటి తేడాకు తొమ్మిది రెట్లు, ఆ స్థానం విలువను బట్టి వస్తుంది. ఆరుకూ మూడుకూ తేడా మూడు, మూడు తొమ్మిదులు ఇరవై ఏడు, వందల స్థానం కాబట్టి 2,700. ఇది గారడీ కాదు, స్థానవిలువల లెక్క.

అయితే అంకణా కుదిరినంత మాత్రాన పుస్తకం సరిగ్గా ఉన్నట్లు కాదు. మీ మొదటి పద్దే ఇందుకు ఉదాహరణ. నగదు క్రెడిట్ ఇరవై వేలు, ఖరీదుదారు డెబిట్ ఇరవై వేలు అని మీరు రాసిన రోజున కూడా అంకణా అక్షరాలా కుదిరేది, ఎందుకంటే రెండు వైపులా తిరగబడ్డాయి. దానిని పట్టించింది అంకణా కాదు, గల్లాలోని నోట్ల లెక్క. అలాగే అమ్మకాల ఖాతా తెరిచి రాసిన తప్పు పద్దు కూడా కుదిరింది. ఎలక్ట్రానిక్ కాంటా కొని ఆ పైసలను మరమ్మతుల ఖాతాకు డెబిట్ చేసినా కుదురుతుంది. అసలు రాయకుండా వదిలేసిన పద్దు కూడా అంకణాలో కనిపించదు. ఒక రైతు పైసలు మరో రైతు పేరిట పడినా అంకణా నోరు మెదపదు. అందుకే రోజూ గల్లా లెక్క, నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం, సీజన్ చివర ఒక్కొక్క రైతుతో, ఖరీదుదారుతో నిల్వ ఒప్పించుకోవడం, ఈ మూడూ తప్పనిసరి.

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

చివరిగా ఒక చిన్న సందేహం. కంప్యూటర్‌లో లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో పద్దు వేసేటప్పుడు డెబిట్ వరుసకు ‘బై’ అని, క్రెడిట్ వరుసకు ‘టు’ అని వస్తోంది. చేతిరాత ఆవర్జాలో మాకు డెబిట్ వైపున ‘టు’, క్రెడిట్ వైపున ‘బై’ రాయమని నేర్పారు.

యార్డు పద్దులు

రెండూ సరైనవే. ఆవర్జా పేజీలో ‘టు’ పక్కన రాసే పేరు, ఆ పద్దులో అవతలి ఖాతా పేరు. నగదు పేజీలో డెబిట్ వైపున ‘టు ఖరీదుదారు’ అని ఉంటే క్రెడిట్ అయినది ఖరీదుదారు ఖాతా. టాలీలో ‘టు’ పక్కన కూడా క్రెడిట్ అయ్యే ఖాతా పేరే ఉంటుంది. పేరు ఒకటే, అది కనిపించే పేజీ వేరు. అయినా చిక్కుగా ఉంటే సెట్టింగులలో మార్చి డెబిట్, క్రెడిట్ అనే చూపించేలా పెట్టుకోవచ్చు.

పోచమ్మమైదాన్ కొత్త గుమాస్తా

ఈ రోజు పొద్దున హమాలీలకు, దడ్వాయికి, చాట కూలీలకు 700 గల్లాలో నుంచి ఇచ్చాము. హమాలీ దడ్వాయి చెల్లింపుల ఖాతా డెబిట్ 700, నగదు ఖాతా క్రెడిట్ 700 అని రాశాను. దుకాణం ఖర్చుల ఖాతా ముట్టుకోలేదు. సరైనదేనా?

యార్డు పద్దులు

సరైనదే. నిన్న వాళ్ల పేరిట జమ ఉన్నది ఈ రోజు తీరిపోయింది, ఆ ఖాతా నిల్వ సున్న అయింది. వోచరు మీద ముఠా మేస్త్రీ సంతకం తీసుకుని, నంబరు వేసి, తక్‌పట్టీ నకలుకు జత చేసి పెట్టండి.